ఫ్యాను ఆపిన మర్యాద

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే రిటైరై ఉండాలి, ఇంట్లో పడక కుర్చీ ఉండాలి, మనం నోరు తెరవగానే ఇంట్లోవాళ్ళకు ఏదో పని గుర్తుకు రావాలి. నాకు మూడోది మాత్రమే ఉంది. సర్వీసు ఆరేళ్ళు. అయినా రాస్తున్నాను. కొత్తగా చేరిన సైన్సు మాష్టార్లు కొందరు ఈ మధ్య ఫోన్ చేసి, "ఇంట్లో కరెంటు పొదుపు మీద పిల్లల చేత ప్రాజెక్టు చేయించాలండి, మీ అనుభవం చెప్పండి" అని అడుగుతున్నారు. చెబుతాను. దీనివల్ల మీకు భౌతికశాస్త్రం ఎంత వస్తుందో తెలియదు గానీ, ఎవరింటికైనా తనిఖీకి వెళ్ళేటప్పుడు ముందుగా ఫోన్ చేయకూడదన్న సంగతి మాత్రం గట్టిగా తెలుస్తుంది.

నాది జంగారెడ్డిగూడెం దగ్గర మెట్ట ఊరు. మా ఇంట్లో ఎవరైనా గుమ్మం ఎక్కితే ముందు "ఏంటి ఇలా వచ్చావు?" అని అడుగుతారు. జవాబు నచ్చితే కూర్చోమంటారు. అక్కడి నుంచి నాకు మొదటి పోస్టింగు కోనసీమలో, కాలువ పక్కనున్న ఒక హైస్కూల్లో వచ్చింది. చేరిన మొదటి నెలలోనే బడికి రాని పిల్లల ఇళ్ళకు వెళ్ళిరమ్మన్నారు. వెళ్ళాను. ఏ ఇంటికి వెళ్ళినా ఒకటే వరుస. కుర్చీ తుడుస్తారు. నేను కూర్చునేలోగా నెత్తి మీద ఫ్యాను అయిదో నంబరులో తిరుగుతూ ఉంటుంది. "వద్దండి, చల్లగానే ఉంది" అంటే, మొహమాటపడుతున్నానని ఇంకో ఫ్యాను వేస్తారు. వర్షంలో తడిసి వెళ్ళినా ఫ్యానే. జనవరి పొగమంచులో, ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్టు కనపడని ఉదయం కూడా ఫ్యానే. ఆ ఏడాది బడి ఎగ్గొట్టిన పిల్లల కంటే జలుబుతో నేను పెట్టిన సెలవులే ఎక్కువ.

ఇంత జరిగినా నా బుర్రకు ఏమీ తట్టలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మూడో ఏడు తొమ్మిదో తరగతికి ప్రాజెక్టు ఇచ్చాను. ప్రతి పిల్లా, పిల్లాడూ మూడు వారాలపాటు రోజూ ఉదయం ఆరింటికి ఇంటి కరెంటు మీటరు చూసి అంకె రాసుకోవాలి. మీటరు మీద ఎర్ర చుక్క ఒకటి వెలిగి ఆరుతూ ఉంటుంది కదా, కరెంటు ఎక్కువ వాడితే అది గబగబా కొట్టుకుంటుంది. దాన్ని కూడా ఒక నిమిషం లెక్కపెట్టాలి. మొదటి వారం ఎప్పటిలాగే ఉండాలి. తర్వాత రెండు వారాలు తెలివి ఉపయోగించి వాడకం తగ్గించాలి. ఎవరు ఎక్కువ తగ్గిస్తే వాళ్ళ ప్రాజెక్టు మండలానికి, అక్కడ గెలిస్తే జిల్లాకు వెళుతుంది.

రెండో వారం నుంచి తల్లిదండ్రులు బడికి రావడం మొదలుపెట్టారు. మామూలుగా పేరెంట్స్ మీటింగుకు పిలిస్తే ఎవరూ రారు. ఈసారి పిలవకుండానే వచ్చారు. ఒకావిడ, "మావాడు ఇస్త్రీపెట్టి దాచేశాడండి, వాళ్ళ నాన్నగారు నలిగిన చొక్కాతో పెళ్ళికెళ్ళారు" అన్నారు. ఇంట్లో ఫ్రిజ్జు ఆపి పులస పులుసు పాడుచేశాడని ఇంకొకాయన తన పిల్లాడితో మూడు రోజులుగా మాట్లాడటం లేదట. పులుసు పోయిన ఇంట్లో నేను సైన్సు గురించి ఏం చెప్పినా లాభం లేదని నోరు మూసుకున్నాను.

మా లెక్కల మేడం పరీక్ష పేపర్లు దిద్దుతూ తల ఎత్తకుండా అన్నారు. "మాష్టారూ, మీరు పాఠం చెబుతున్నారా, కాపురాలు కూలుస్తున్నారా?"

"శక్తి నిత్యత్వ నియమమండి" అన్నాను.

"ఏమో, మా వీధిలో శాంతి నిత్యత్వం పోయింది" అన్నారావిడ.

అందరిలోకీ బాగా చేసింది మూడో బెంచీలో కూర్చునే అమ్మాయి. ఆ పిల్ల క్లాసులో మాట్లాడటం నేను రెండు సార్లే విన్నాను. రెండు సార్లూ "ప్రెజెంట్ సార్" అనే. కానీ పుస్తకం చూస్తే కళ్ళు తిరిగాయి. అంకెలు నీలం సిరాతో, కారణాలు ఎర్ర సిరాతో. వాళ్ళ మేడ మీద ట్యాంకు రోజూ నిండి పొర్లిపోతుంటే, ఆ నీళ్ళు పడేచోట ఒక స్టీలు పళ్ళెం బోర్లించింది. టపటప చప్పుడు వినపడగానే ఎవరో ఒకరు పరిగెత్తి మోటారు ఆపేవారు. ఇంట్లో అందరినీ ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద పడుకోబెట్టింది. రోజుకు నాలుగు యూనిట్లు తిరిగే మీటరు రెండుకు కాస్త లోపలే ఆగింది. ఎర్ర చుక్క నిమిషానికి అయిదుసార్లు, అప్పుడప్పుడు ఆరు.

ఒక్కరోజు మాత్రం అంకె పైకి లేచింది. తొమ్మిదో రోజు. గ్రాఫులో అదొక్కటే కొండలాగా కనపడుతోంది. "ఇదేదో చూడటంలో పొరపాటమ్మా, తీసేయ్" అన్నాను. ఆ పిల్ల కదల్లేదు. పక్కన ఎర్ర సిరాతో ఏం రాసిందో చదవకుండా, నేనే పెన్ను తీసుకుని ఆ అంకె మీద అడ్డంగా ఒక గీత కొట్టాను. గ్రాఫు అందంగా వచ్చింది. అందమైన గ్రాఫు చూస్తే సైన్సు మాష్టారికి కాస్త అనుమానం రావాలి. నాకు ఆనందం వచ్చింది.

మండలంలో గెలిచాం. ఆ ఆనందం మధ్యాహ్నం భోజనం దాకా ఉంది. రెండో స్థానం వచ్చిన బడి సైన్సు మాష్టారు మా చార్టు దగ్గర చాలాసేపు నిలబడి, అందులో అతికించిన ఇంటి ఫోటోను వేలితో చూపించారు. మేడ గోడకు ఏసీ పెట్టె వేలాడుతోంది.

"ఏసీ ఉన్న ఇంట్లో రోజుకు రెండు యూనిట్లా అండి? మా ఇంట్లో ఏసీ లేదు, అయినా మూడవుతాయి. ఈ అమ్మాయి అంకెలు కూర్చుని రాసింది."

జిల్లా విద్యాశాఖ నుంచి వచ్చిన పెద్ద మేడం ఎవరినీ తప్పుపట్టలేదు. శుక్రవారం తామే ఇంటికి వెళ్ళి మీటరు చూస్తామని, లెక్క కుదిరితే ప్రాజెక్టు జిల్లాకు వెళుతుందని, కుదరకపోతే వెనక్కి తీసుకోవాలని చెప్పారు. ఆ సంగతి హెడ్మాస్టరు గారి గదిలో ఆ అమ్మాయికి చెప్పాల్సి వచ్చింది. పిల్ల పుస్తకాన్ని రెండు చేతులతో గుండెకు పట్టుకుని నిలబడింది.

"నేను అబద్ధం రాయలేదండి" అంది. తర్వాత, "వచ్చి చూడమనండి" అంది. నేను విన్న మూడో, నాలుగో మాటలవి.

ఆ పిల్ల బయటికి వెళ్ళాక హెడ్మాస్టరు గారు నిట్టూర్చారు. "స్కూలు పేరు పోతుందేమోనండి మాష్టారూ."

"నా పేరు కూడా పోతుందండి."

"మీ పేరు ఎవరికీ తెలీదు కదండీ" అన్నారాయన, ఓదార్పుగా.

ఇక నేను చేసిన ఘనకార్యం. గురువారం సాయంత్రం ఆ ఇంటికి ఫోన్ చేశాను. అమ్మాయి వాళ్ళ అమ్మగారు ఎత్తారు. "రేపు పెద్దవాళ్ళు వస్తున్నారండి, ఊరికే మీటరు చూసి వెళ్ళిపోతారు, మీరేమీ చేయక్కర్లేదు" అన్నాను. "అయ్యో అలాగేనండి, మేమేం చేస్తామండి" అన్నారావిడ. గోదావరి జిల్లాల్లో ఈ మాటకు అర్థం ఏమిటో నాకు శుక్రవారం ఉదయం పదిన్నరకు తెలిసింది.

మేం నలుగురం వెళ్ళాం. పెద్ద మేడం, మా అంకెలు నమ్మని అనుమానం మాష్టారు, మా హెడ్మాస్టరు గారు, నేను. గేటు దగ్గరకు వచ్చేసరికి మోటారు హోరు వినపడింది. మాకోసం వాకిలంతా పైపు పెట్టి కడుగుతున్నారు. లోపల మిక్సీలో అల్లం పచ్చడి అరుస్తోంది. పట్టపగలు ఎండలో ఇంట్లోని లైట్లన్నీ వెలుగుతున్నాయి. అమ్మాయి వాళ్ళ అక్క పెళ్ళినాటి రంగు బల్బుల దండ పిట్టగోడ చుట్టూ మిణుకుమిణుకుమంటోంది. వసారాలో నాలుగు కుర్చీలు, వాటికి ఎదురుగా నిలువెత్తు ఫ్యాను. లోపలి గదిలో ఏసీకి ఎప్పుడూ ఉండే పూల గుడ్డ తీసేశారు. తలుపు తెరిచి ఉంచారు, ఆ చల్లదనం మాదాకా రావాలని.

మీటరు గేటు పక్కనే ఉంది. ఎర్ర చుక్క కొట్టుకోవడం లేదు. దాదాపు వెలిగే ఉంది.

అనుమానం మాష్టారు చేతి గడియారం చూసుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నలభై దాకా వెళ్ళి ఊపిరి కోసం ఆగారు. అప్పటికి పావు నిమిషం కూడా కాలేదు. ఆయన నా వైపు చూసి నవ్వారు. పాపం, చాలా మర్యాదగానే నవ్వారు.

అమ్మాయి యూనిఫాంలో, పుస్తకంతో బయటికి వచ్చింది. ఇల్లు చూసింది. నేరుగా లోపలికి వెళ్ళి ఒక్కో స్విచ్చీ ఆపడం మొదలుపెట్టింది. వెనకాలే వాళ్ళ మామ్మ ఒక్కో స్విచ్చీ మళ్ళీ వేసుకుంటూ వచ్చింది. ఇల్లంతా ఒక చుట్టు తిరిగి ఇద్దరూ వసారాలోకి వచ్చేసరికి, పోయింది ఏమీ లేదు, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను అదనంగా వచ్చింది.

"అమ్మా, నీ పుస్తకంలో నిమిషానికి అయిదని రాశావు" అన్నారు పెద్ద మేడం. "ఇదేంటి మరి?"

"మీరొచ్చారు కదండి" అంది పిల్ల. "మీరు వెళ్ళిపోతే తగ్గుద్దండి."

హెడ్మాస్టరు గారు కళ్ళు మూసుకున్నారు.

"ఆ ఏసీ?" అన్నారు అనుమానం మాష్టారు.

"అది మా బావగారిదండి. ఆయనొస్తేనే వేస్తారు. ఈ మూడు వారాల్లో రాలేదండి."

"వస్తానన్నారండి, సెలవు దొరకలేదు" అన్నారు వాళ్ళమ్మ వంటింట్లోంచి, కాస్త నొచ్చుకుంటూ.

"మరి ఇప్పుడు అల్లుడుగారు లేరు కదండీ, ఇప్పుడెందుకు వేశారు?"

మామ్మ ఆయన్ని కింద నుంచి పైకి చూసింది. "అల్లుడి కంటే తక్కువేంటండి మీరు?"

ఆయన వెళ్ళి ఫ్యానుకు ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు.

పెద్ద మేడం మెల్లగా నచ్చజెప్పబోయారు. అన్నీ ఓ అరగంట ఆపేస్తే చూసుకుని వెళ్ళిపోతామన్నారు. మామ్మ ఒప్పుకోలేదు. "ఇంటికొచ్చిన పెద్దవాళ్ళని గాలాడకుండా కూర్చోబెట్టామని ఊరంతా చెప్పుకుంటారండి."

"మేం ఎవరికీ చెప్పం కదా అమ్మా."

"మీరు చెప్పరండి. ఎదురింటావిడ చూస్తోంది."

నిజమే. ఎదురింటావిడ గేటు మీద రెండు చేతులూ ఆనించి, సినిమా చూసినంత శ్రద్ధగా చూస్తోంది. అప్పుడు అనుమానం మాష్టారికి ఒక శాస్త్రీయమైన ఆలోచన వచ్చింది. తామెవరూ ఇంట్లో లేకుండా, వీధిలో నిలబడి దూరం నుంచి మీటరు గమనిద్దామన్నారు. ఆయనే ముందుగా వెళ్ళి నిలబడ్డారు. "ఎండలో ఎందుకు నిలబడతారండి" అంటూ ఎదురింటావిడ ఆయన్ని లోపలికి పట్టుకుపోయింది. అరనిమిషంలో అక్కడి ఫ్యాన్లు తిరగడం కిటికీలోంచి కనపడింది. కాసేపటికి చేతిలో కాఫీ గ్లాసుతో ఆయన కనపడ్డారు. తిరిగి రావడం మాత్రం వెంటనే కనపడలేదు.

ఈ గోల అంతటిలో ఆ అమ్మాయి ఏం చేస్తోందా అని చూస్తే, మెట్టు మీద కూర్చుని పుస్తకం తెరిచి రాసుకుంటోంది. పెద్ద మేడం వంగి చూశారు. ఆ రోజు తేదీ వేసి, మీటరు అంకె వేసి, పక్కన ఎర్ర సిరాతో "నలుగురు వచ్చారు" అని రాసింది. తన ప్రాజెక్టు మునిగిపోతుంటే నీళ్ళ లోతు కొలిచి రాస్తోంది. మేడం పుస్తకం అందుకుని వెనక్కి తిప్పారు. తొమ్మిదో రోజు దగ్గర ఆగారు. నీలం అంకె మీద అడ్డగీత. గీత కింద ఎర్ర అక్షరాలు ఇంకా చదవగలిగేలాగే ఉన్నాయి. "సాయంత్రం మాష్టారు వచ్చారు. అర యూనిట్టు ఎక్కువ."

"ఇది కొట్టేసిందెవరమ్మా?"

"మాష్టారండి."

అందరూ నా వైపు చూశారు. నేను నిలువు ఫ్యాను వైపు చూశాను. చాలా మంచి ఫ్యాను.

తొమ్మిదో రోజు సాయంత్రం, ప్రాజెక్టు ఎలా సాగుతోందో చూద్దామని ఆ ఇంటికి నేనే వెళ్ళాను. నాకు రెండు ఫ్యాన్లు వేసి, మిక్సీ తిప్పి, పెసరట్టు పెట్టారు. తిని వచ్చాను. ఆ పెసరట్టు గ్రాఫులో కొండై లేస్తే, పొరపాటని కొట్టేశాను. నేను నేర్పాల్సిన సైన్సు ఆ పిల్ల నోరెత్తకుండా చేసింది. నేను బీయస్సీ, బీఈడీ చదివి దానికి అడ్డంగా గీత కొట్టాను. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు ఈ ఒక్కటి రాసుకోండి. పిల్లల పుస్తకంలో అంకె తేడాగా కనపడితే, ఆ రోజు మీరెక్కడున్నారో ముందు గుర్తు తెచ్చుకోండి.

పెద్ద మేడం పుస్తకం మూశారు. ఆవిడ నమ్మారని మొహంలో తెలుస్తోంది. కానీ నమ్మకం మీద సంతకం పెట్టలేరు కదా. కళ్ళతో చూడాలి. ఆవిడ కుర్చీలోంచి లేచి మామ్మ పక్కన మెట్టు మీద కూర్చున్నారు.

"మీ పుట్టిల్లు ఎక్కడండి?" అని అడిగారు.

"పెద్దాపురమండి."

"మా అమ్మదీ పెద్దాపురమే. ఏ వీధి మీది?"

ఆ తర్వాత పది నిమిషాలు జరిగిన దర్యాప్తు ముందు మా తనిఖీ ఎందుకూ పనికిరాదు. వీధులు, సందులు, మరిడమ్మ జాతరకు ఎవరింట్లో ఎవరు దిగేవారు, ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారు. ఆఖరికి మేడం వాళ్ళ మేనత్త, మామ్మ వాళ్ళ అక్కకు తోడికోడలి చెల్లెలని తేలింది. అది చుట్టరికం అవునో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. లెక్కల మేడాన్ని అడిగితే, చుట్టరికం సున్నాకు దగ్గరవుతుంది గానీ సున్నా కాదన్నారు.

"అయితే మీరు నాకు పిన్నిగారవుతారు" అన్నారు పెద్ద మేడం.

మామ్మ ఆవిడ మొహం కాసేపు చూసింది. తర్వాత లోపలికి తిరిగి, గొంతు పెంచకుండా అంది. "ఒసే కోడలా, అవన్నీ ఆపెయ్యవే. మన పిల్లే."

మోటారు ఆగింది. మిక్సీ ఆగింది. ఏసీ మీదకు పూల గుడ్డ వచ్చింది. రంగు బల్బులు ఆరిపోయాయి. ఇల్లు ఎంత నిశ్శబ్దమైందంటే, కాలువలో ఎవరో బట్టలుతుకుతున్న చప్పుడు వినపడింది. మామ్మ చిక్కుడుకాయల పళ్ళెం తెచ్చి పెద్ద మేడం ఒళ్ళో పెట్టింది. "ఊరికే కూర్చోకు, ఈనెలు తియ్యి." జిల్లాలో ఎన్నో బడులను గడగడలాడించిన మనిషి చెమటలు తుడుచుకుంటూ చిక్కుడుకాయల ఈనెలు తీశారు.

అమ్మాయి పరిగెత్తుకెళ్ళి మా వైపున్న నిలువు ఫ్యాను కూడా ఆపబోయింది. మామ్మ పట్టుకుంది. "అది ఉంచవే. మాష్టార్లున్నారు."

అప్పటికి అనుమానం మాష్టారు రెండో కాఫీ కూడా తాగి, ఎదురింటి నుంచి విడుదలై వచ్చారు. అరగంటసేపు ముగ్గురం మీటరు ముందు నిలబడ్డాం. లెక్కపెట్టింది ఆయనే. నిమిషానికి ఎనిమిది. మళ్ళీ ఎనిమిది. ఇంకోసారి, ఎనిమిదే.

"పుస్తకంలో అయిదుంది, ఇక్కడ ఎనిమిదుంది" అన్నారాయన. కానీ ఆ గొంతులో ఇదివరకటి బలం లేదు.

"ఆ మూడూ మీ ఫ్యానువండి" అంది అమ్మాయి.

ఆయనే స్వయంగా వెళ్ళి స్విచ్చి ఆపారు. మామ్మ లేవబోతే, "నాకు చలి చేస్తోందండి" అని అబద్ధం చెప్పారు. నొసటి మీద చెమట కారుతుండగా వచ్చి లెక్కపెట్టారు. అయిదు. మళ్ళీ లెక్కపెట్టారు. అయిదు. ఆయన నా దగ్గరకు రాకుండా నేరుగా ఆ పిల్ల దగ్గరకు వెళ్ళి, "నాదే పొరపాటమ్మా" అన్నారు. ఆ మాట నేనూ అనాల్సి ఉంది. ఆయన ముందుగా అనేశారు కాబట్టి నాది రెండోదైపోయింది. అయినా అన్నాను. పుస్తకం తీసుకుని తొమ్మిదో రోజు గీత పక్కన "ఈ గీత తప్పు" అని రాసి సంతకం పెట్టాను. మా హెడ్మాస్టరు గారు అది చూసి, స్కూలు ముద్ర కూడా వేయాలా అని అడిగారు.

ప్రాజెక్టు జిల్లాకు వెళ్ళింది, "అతిథులు" అన్న కొత్త గడితో. ప్రైజు వచ్చిందనుకుంటున్నారేమో, రాలేదు. ఎండతో నడిచే బండికి వచ్చింది. ఆ రోజు మబ్బు పట్టడం వల్ల దాన్ని ఇద్దరు పిల్లలు తోశారు. మా స్టాలు దగ్గర ఒక న్యాయనిర్ణేత ఆగి, "ఇంతకీ నువ్వు తెలుసుకున్నదేంటమ్మా?" అని అడిగారు. "ఫ్యాను అడిగి వేయాలండి" అంది అమ్మాయి. ఆయనకు అర్థమైనట్టు లేదు, తల ఊపి వెళ్ళిపోయారు. మరుసటి ఏడు మాత్రం అనుమానం మాష్టారి పిల్లలందరి పుస్తకాల్లోనూ "అతిథులు" గడి కనపడింది. మేం అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నాకు బదిలీ అయింది. మే నెల. వెళ్ళేముందు ఆ ఇంటికి చెప్పి రావాలనిపించింది. ఈసారి ఫోన్ చేయలేదు. వసారాలో మామ్మ కింద కూర్చుని ఆవకాయకు కొట్టిన మామిడి ముక్కలు గుడ్డతో తుడుస్తోంది. పక్కన అమ్మాయి జీడి తీస్తోంది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, మాటలు కూడా వచ్చాయి. పైన ఫ్యాను తిరుగుతోంది. నేను గుమ్మంలో చెప్పులు విప్పగానే అలవాటుగా కుర్చీ కోసం చూశాను. ఎవరూ తేలేదు.

"వచ్చావా, రా" అంది మామ్మ. నన్ను ఆవిడ నువ్వు అనడం అదే మొదలు. తర్వాత మనవరాలి వైపు తిరిగి, "ఫ్యాను ఆపెయ్యవే" అంది.

అమ్మాయి నా మొహం చూసి నవ్వాపుకుంటూ లేచి, స్విచ్చి ఆపింది. మామ్మ ఒక గుడ్డా, ఒక పళ్ళెమూ నా ముందుకు తోసింది. నేలమీద కూర్చుని తుడవడం మొదలుపెట్టాను. కోనసీమలో మే నెల మధ్యాహ్నం ఫ్యాను లేకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో నేను వర్ణించను. నాలుగో ముక్క దగ్గర నా ముక్కు చివర ఒక చెమట చుక్క వేలాడింది.

"జాగ్రత్త, ఆ చుక్క పడిందంటే ఏడాదంతా బూజే" అంది మామ్మ.

"మరి, కాసేపు ఫ్యాను వేసుకుందామా అండి?" అన్నాను.

"ఎందుకూ?" అంది మామ్మ, ఇంకో గుప్పెడు ముక్కలు నా పళ్ళెంలో పోస్తూ. "నువ్వేమైనా కొత్తవాడివా?"